బుధవారపు చుట్టు

రాళ్లవాగు హాల్టులో పొద్దుటి ప్యాసింజరు ఒక్క నిమిషమే ఆగుతుంది. కొత్తగూడెంలో ఎక్కినవాళ్ళలో అక్కడ దిగేది నలుగురో ఐదుగురో. స్టేషనంటే ఒక రేకుల షెడ్డు, రెండు సిమెంటు బల్లలు, ఎప్పుడు చూసినా మూసి ఉండే టికెట్ కిటికీ. షెడ్డు వెనక నుంచే అడవి మొదలు. ప్రతి బుధవారం అక్కడ దిగేవాళ్ళలో బానోతు జమ్లి ఒకతె. భుజాన మందుల సంచి, చేతిలో టీకాల డబ్బా, సంచి పక్క అరలో నీళ్ళ సీసా. కాగితాల మీద ఆమె ఏఎన్ఎం. ఆ చుట్టుపక్కల జనానికి నర్సమ్మ.

హాల్టు నుంచి బయల్దేరి నాలుగు ఊళ్ళు తిరిగి సాయంత్రం మళ్ళీ ఆ హాల్టుకే చేరడం ఆమె బుధవారం పని. మొత్తం పదకొండు కిలోమీటర్లు. ఎడమ చేతి వైపు మొరం రోడ్డు మీద పోతే మొదట రేగళ్లతండా వస్తుంది. తండా దాటి జామాయిల్ తోటల్లోంచి, పత్తి చేల గట్ల మీదుగా నడిస్తే మొండికట్ట. అక్కడ వాగు దాటితే బూర్గుబోడు. బూర్గుబోడు నుంచి అడవిలో కాలిబాట పట్టుకుని పోతే ఆఖరున మద్దిగుంపు. పదహారు కోయ ఇళ్ళ గుంపు. మద్దిగుంపు నుంచి రైలు పట్టాల పక్కనే రెండు కిలోమీటర్లు నడిస్తే హాల్టు.

2006లో ఈ ఊళ్ళు ఒప్పజెప్పినప్పుడు జమ్లికి ముప్ఫై ఏళ్ళు. మొదటి రోజు ఎడమకు తిరిగింది. రెండో వారం కూడా ఎడమకే. ఎందుకంటే తండాకు మంచి రోడ్డుంది. పైగా రేగళ్లతండా ఆమె తల్లి పుట్టిన తండా. వరసకు చిన్నాన్న అయ్యే హాతీరాం ఇంట్లో చాయ్, జొన్నరొట్టె సిద్ధంగా ఉండేవి. అక్కడ కూర్చుని, నాలుగు మాటలు చెప్పుకుని, తండా ఆడవాళ్ళందరినీ నింపాదిగా చూసుకుని లేచేసరికి పదిన్నర అయ్యేది. అలా ఆరేళ్ళు గడిచాయి. ఆ ఆరేళ్ళలో ఒక్కసారైనా కుడివైపు నుంచి మొదలుపెడదామని ఆమెకు తోచలేదు. అటు నుంచి మొదలుపెట్టమని చెప్పినవాళ్ళూ లేరు.

కాబట్టి మద్దిగుంపుకు ఆమె చేరేది ఎప్పుడూ మూడున్నర దాటాకే. బండి నాలుగూ నలభైకి. అది తప్పితే మెయిన్ రోడ్డు దాకా నడిచి జీపుల కోసం పడిగాపులు కాయాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు. భర్త తుల్సీరాంకు బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీలు. మద్దిగుంపులో అడుగుపెట్టేసరికి సీసాలో నీళ్ళు అయిపోయి ఉండేవి, కాళ్ళు పీకుతుండేవి, చెవులు పట్టాల వైపే ఉండేవి. జమ్లి పనిదొంగ కాదు. మొండికట్టలో పాము కరిచిన పిల్లను మూడు మైళ్ళు భుజాన వేసుకుని పరిగెత్తిన మనిషి. కానీ మద్దిగుంపు దగ్గరికి వచ్చేసరికి ఆమెలో ఏదీ మిగిలేది కాదు.

2012లో, వానలు పట్టిన కొత్తల్లో, ఒక బుధవారం ఆమె మద్దిగుంపు చేరేసరికి నాలుగవుతోంది. వాగు దగ్గర ఆలస్యమైంది. ఆకాశం ముసురుకుని ఉంది. ముత్తక్క ఇంటి ముందు అరుగు మీద ఆమె కోడలు నాగలత కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, మొదటి కాన్పు, ఎనిమిదో నెల. జమ్లిని చూడగానే లేచి నిలబడింది. మొహం కాస్త ఉబ్బినట్టుంది. కాళ్ళకు వెండి కడియాలు బిగుసుకుపోయి ఉన్నాయి.

"నర్సమ్మా, రెండు దినాల నుంచి తల పలుగుతాంది. కండ్ల ముందట మిణుగురులు ఎగిరినట్టు అయితాంది" అంది నాగలత.

"ఎండల తిరిగినవా? నాట్లకు గిట్ల పోయినవా?"

"పోలే. అత్త పోనిస్తలేదు."

జమ్లి సంచి విప్పింది. బీపీ మిషను అడుగున ఉంది. దాని మీద రిజిస్టరు, మాత్రల డబ్బాలు, తడిసిన గొడుగు. అన్నీ బయటికి తియ్యాలి, పట్టీ చేతికి చుట్టాలి, గాలి కొట్టాలి, వినాలి. మొత్తం ఐదు నిమిషాల పని. అప్పుడే ఎక్కడో ఉరిమింది. ఆమె గడియారం చూసుకుంది. నాలుగూ పది.

"ఇవి రక్తం మాత్రలు, మర్చిపోకుండ ఏస్కో. ఇది తలనొప్పికి. మంచిగ నీళ్ళు తాగు, పండుకో. వచ్చే బుధవారం బీపీ చూస్త, సరేనా?"

"అవ్, నర్సమ్మా" అంది నాగలత. సంచి వైపు ఇంకోసారి చూసింది గాని ఏమీ అడగలేదు.

ఆ రోజు జమ్లికి బండి దొరికింది. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని, ఆ రోజు చూసినవాళ్ళందరి వివరాలూ నింపింది. నాగలత పేరు ఎదురుగా బీపీ గడి ఖాళీగా ఉంది. పైన ఎనిమిది మందికి నూట ఇరవై, ఎనభై అనో, దానికి అటూ ఇటుగానో ఉంది. ఆమె తొమ్మిదో గడిలో కూడా నూట ఇరవై, ఎనభై అని రాసింది. రాసేటప్పుడు ఆమెకు పెద్ద తప్పు చేస్తున్నట్టేమీ అనిపించలేదు. వచ్చే వారం ఎలాగూ చూస్తాను కదా అనుకుంది.

వచ్చే బుధవారం పొద్దున తండాలో చాయ్ తాగుతుంటే హాతీరాం చెప్పాడు. "మద్దిగుంపుల బిడ్డ సచ్చిపోయిందంట కదా. కడుపుతోని ఉన్న పిల్ల."

జమ్లి గ్లాసు కింద పెట్టింది. "ఎవరు కాకా?"

"ముత్తక్క కోడలంట. ఆదివారం ఫిట్సు వచ్చినయంట. మంచం మీద రోడ్డు దాక మోసుకొచ్చిండ్రు. జీపు దొరికే యాళ్ళకే పాణం పోయింది. కడుపుల పిల్ల గుడ దక్కలే."

అక్కడి నుంచి వెనక్కి తిరిగి హాల్టు మీదుగా పోతే మద్దిగుంపు గంట నడక. జమ్లి అలా పోలేదు. ఆ రోజు ఆమె తండాలో టీకాలు వేసింది, మొండికట్టలో వేసింది, వాగు దాటి బూర్గుబోడులో వేసింది. ప్రతి ఇంటి దగ్గరా అవసరమైన దానికంటే ఎక్కువసేపు కూర్చుంది. ఎప్పటిలాగే మూడున్నర దాటాక మద్దిగుంపు చేరింది. ఎప్పుడు చేరినా ఆ గుమ్మం ముందు నిలబడక తప్పదని ఆమెకు తెలుసు. అయినా పొద్దంతా వాయిదా వేసుకుంది. ఆ తర్వాత ఏళ్ళలో ఆమె తనను తాను క్షమించుకోలేకపోయిన వాటిలో అదీ ఒకటి.

ముత్తక్క ఇంటి ముందు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నాగలత మొగుడు శివ గోడకు ఆనుకుని నేలలోకి చూస్తున్నాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ తిట్టలేదు. జమ్లి వాకిట్లో నిలబడింది.

ముత్తక్క తల ఎత్తి చూసింది. అప్పటికి ఆమెకు నలభై ఐదు దాటి ఉంటాయి. ఎండకు కమిలిన పొడుగాటి మొహం, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు.

"నువ్వు వచ్చే యాళ్ళకు మా కాడ ఎప్పుడూ పొద్దు అయిపోతది, నర్సమ్మా" అంది. కేక వేసి అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. తర్వాత మొహం తిప్పుకుంది.

బాలింతో గర్భిణో చనిపోతే విచారణ ఉంటుంది. పది రోజుల తర్వాత జమ్లిని పిలిచారు. పెద్ద డాక్టరు నెమ్మదైన మనిషి. రిజిస్టరు పేజీలు తిప్పి, నాగలత పేరు దగ్గర వేలు పెట్టి చదివాడు.

"చనిపోవడానికి నాలుగు రోజుల ముందు కూడా బీపీ నార్మలే ఉంది. అంటే ఉన్నట్టుండి పెరిగింది. నీ పని నువ్వు చేసినవమ్మా. రాసి ఉంది కదా." కలం తీసి ఏదో రాయబోయాడు.

జమ్లి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బయటికి నడిస్తే చాలు, అయిపోతుంది. ఆమె కదల్లేదు.

"సార్, అది చూసి రాసింది కాదు."

"ఏంది?"

"ఆ పొద్దు నేను బీపీ చూడలే సార్. బండికి టైం అయితుందని చూడలే. రైల్ల కూసొని రాసిన. తల నొస్తుందని చెప్పింది ఆ పిల్ల. కాళ్ళు వాసినయి. నేను చూసి గుడ చూడలే."

డాక్టరు కలం బల్ల మీద పెట్టేశాడు. "ఇది ఇప్పుడు చెప్తే ఏమవుతదో తెలుసా నీకు?"

"తెలుసు సార్."

"రాతపూర్వకంగా ఇస్తవా?"

"ఇస్త సార్."

ఇచ్చింది. ఆమెకు మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆగింది. తోటి ఏఎన్ఎంలు కొందరు నెల రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. అందరి రిజిస్టర్లూ తెప్పించి చూశారు మరి. ఇంట్లో తుల్సీరాం తలపట్టుకున్నాడు.

"ఎవరన్న అడిగిండ్రా నిన్ను? అడగనిది ఎందుకు చెప్పినవ్? చెప్తే ఆ పిల్ల లేచొస్తదా?"

"రాదు" అంది జమ్లి.

"మరెందుకు?"

ఆ తొమ్మిదో గడి తనను కాపాడుతోందంటే ఆమె భరించలేకపోయింది. అంతకంటే విడమర్చి చెప్పడం ఆమెకు రాలేదు.

విచారణ అయిన తర్వాతి బుధవారం జమ్లి హాల్టులో దిగి కుడివైపు తిరిగింది. పట్టాల పక్క కంకర మీద నడుచుకుంటూ తొమ్మిది గంటలకల్లా మద్దిగుంపులో ఉంది. పొద్దుటి ఎండలో ఆ గుంపును చూడడం ఆమెకు అదే మొదటిసారి. ఆడవాళ్ళు పనికి పోకముందు ఇళ్ళ దగ్గరే ఉంటారనీ, తను ఇన్నాళ్ళూ కలవని మనుషులు ఆ పదహారు ఇళ్ళలో చాలామందే ఉన్నారనీ అప్పుడు తెలిసింది. ఆరేళ్ళుగా ఏ లెక్కలోకీ ఎక్కని ఒక చెవిటి పిల్ల, బయటికి రాని ఒక క్షయ రోగి, ఎన్నడూ టీకా పడని ఇద్దరు కవలలు. ముత్తక్క ఆమెను చూసింది. చూసి చాట తీసుకుని ఇంటి వెనక్కి పోయింది.

ఇలా నెల గడిచేసరికి తండాలో గొడవ మొదలైంది. ఇప్పుడు తండాకు ఆమె చేరేది సాయంత్రం. హాతీరాం రోడ్డు మీదే నిలదీశాడు.

"మన తండా బిడ్డవు. మమ్మల్ని ఆఖర్న పెడతవా? నిన్న గాక మొన్న మా ఇంట్ల రొట్టె తిన్నవ్. మా ఆడోళ్ళు పొద్దంతా కూలి ఇడిసి నీ కోసం కూసోవాల్నా?"

"ఆరేండ్లు వాళ్ళు కూసున్నరు కాకా."

"వాళ్ళ ముచ్చట నాకు చెప్పకు."

"చెప్పాలె. నేనే తప్పు చేసిన. ఆ పిల్ల నా వల్ల పోయింది" అంది జమ్లి. రోడ్డు మీద, నలుగురి ముందు. హాతీరాం వెనక్కి తిరిగి తండాలోకి నడిచాడు. అయినా అతని మాటలో న్యాయం లేకపోలేదని ఆమెకు తెలుసు. ఎవరో ఒకరు చివర ఉండక తప్పదు. ఆ రాత్రంతా ఆలోచించి ఒక పద్ధతి పెట్టుకుంది. ఒక బుధవారం ఎడమ నుంచి, ఒక బుధవారం కుడి నుంచి. ఏ ఊరు చివరైనా, చివరి ఇంట్లో చివరి మనిషికి పట్టీ చుట్టి చూడనిదే కదలకూడదు. బండి పోతే పోనీ. మొదటి ఏడాది పద్నాలుగుసార్లు బండి తప్పింది. మెయిన్ రోడ్డు దాకా నడిచి, జీపులో నిలబడి, చీకటి పడ్డాక ఇల్లు చేరేది. తుల్సీరాం సణిగాడు, తర్వాత బియ్యం కడిగి పెట్టడం నేర్చుకున్నాడు.

ముత్తక్క మాత్రం మారలేదు. ఆమె గుంపులో పెద్ద మనిషి, నలుగురు ఆమె మాట వింటారు. జమ్లిని రావద్దనలేదు. కూర్చోమనీ అనలేదు. శివ రెండో పెళ్ళి చేసుకున్నాడు. కొత్త కోడలికి రెండు కాన్పులయ్యాయి. రెండుసార్లూ నెలనెలా జమ్లి ఆమె చేతికి పట్టీ చుట్టింది. అప్పుడు మాత్రం ముత్తక్క వచ్చి పక్కన గొంతుకూర్చునేది. పాదరసం గీత పైకి ఎక్కడం, నెమ్మదిగా దిగడం రెప్ప వేయకుండా చూసేది. జమ్లి చెవుల్లోంచి గొట్టాలు తియ్యగానే ఒకే మాట అడిగేది.

"ఎంత?"

"నూట పది, డెబ్బై."

"ఎంత దాటితే ముప్పు?"

"నూట నలభై, తొంభై దాటితే."

కోడలి చెయ్యి కాసేపు పట్టుకుని లేచిపోయేది. అక్షరం రాని ముత్తక్క ఆ అంకెలు కంఠతా పట్టింది. తన కోడలి కోసమే కాదు, గుంపులో ఎవరికి నెల తప్పినా పక్కన కూర్చుని అడిగేది. బీపీ చూడకుండా నర్సమ్మ లేస్తుందేమోనని కాపలా కాస్తున్నట్టుండేది. జమ్లికి అది శిక్షలా అనిపించేది. ఆ శిక్ష తప్పిన వారం మనసుకు వెలితిగానూ ఉండేది.

డాక్టరుకు చెప్పిన నిజాన్ని, నడిరోడ్డు మీద హాతీరాంకు చెప్పిన నిజాన్ని ముత్తక్కకు చెప్పడానికి జమ్లికి నోరు రాలేదు. ఎన్నోసార్లు ఆ అరుగు దాకా పోయి, మాత్రల సంగతి మాట్లాడి వచ్చేసింది. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి.

2020 వేసవిలో కరోనాతో రైళ్ళు ఆగిపోయాయి. హాల్టు షెడ్డులో మేకలు పడుకున్నాయి. బుధవారం బుధవారం తుల్సీరాం మోటారుసైకిలు మీద తెచ్చి హాల్టు దగ్గర దింపేవాడు, సాయంత్రం వచ్చి ఎక్కించుకునేవాడు. మధ్యలో నడక మామూలే. అయితే ఊళ్ళన్నీ దారులకు అడ్డంగా ముళ్ళకంపలు వేసుకున్నాయి. దవాఖానా మనుషుల నుంచే రోగం వస్తుందని భయం. తండాలో హాతీరాం కంప అవతల నిలబడి, "ఏమనుకోకు బిడ్డా, ముసలి పాణాలు" అని చెయ్యి ఊపాడు. జమ్లి తప్పు పట్టలేదు.

మద్దిగుంపు దారికి అడ్డంగా ఒక చెట్టు దుంగ, దాని మీద కంప ఉంది. ఆమె గుడ్డ కట్టుకున్న మూతితో ఇవతల నిలబడి కేకేసింది. కాసేపటికి ముత్తక్క వచ్చింది. వెనకాల ఆరో నెల గర్భిణి ఒకతె, శివ చెల్లెలు. ముత్తక్క మోసుకొచ్చిన పీట దుంగ అవతల వేసి కూతుర్ని కూర్చోబెట్టింది.

"కుర్రోళ్ళు లోపటికి రానియ్యరు. నువ్వు అటే ఉండి చూడు" అంది.

దుంగ మీదుగా చెయ్యి చాపించి జమ్లి పట్టీ చుట్టింది. నూట పదహారు, డెబ్బై ఆరు. ముత్తక్క విని తల ఊపింది. కూతుర్ని ఇంటికి పొమ్మంది గాని తను కదల్లేదు. బహుశా బండ్లూ మనుషులూ లేక అడవి అంత నిశ్శబ్దంగా ఉండడం వల్లనేమో, రేపు ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలియని రోజులు కావడం వల్లనేమో, జమ్లికి నోరు వచ్చింది.

"అక్కా, నీకొక మాట చెప్పాలె. నాగలతకు ఆ పొద్దు నేను బీపీ చూడలే. చూడకుంటనే చూసినట్టు రాసిన."

ముత్తక్క మొహంలో ఏ మార్పూ లేదు. "తెలుసు" అంది.

"ఎట్ల?"

"నువ్వు అటు పోయినవో లేదో, పిల్ల నాతోని చెప్పింది. అత్తా, ఇయ్యాల పట్టీ కట్టలే, వచ్చే వారం కడతదంట అని. అదే దినం తెలుసు నాకు."

"మరి ఇన్నేండ్లు అడగలే..."

"నేనెందుకు అడగాలె? నీ నోటితోని నువ్వు చెప్పాలె." ముత్తక్క దుంగ మీద కంపను సరిచేసింది. చేతికి ముల్లు గుచ్చుకుంటే తీసి పారేసింది. "నేను గుడ తప్పు చేసిన. నిన్ను ఆపాల్సింది. సంచి గుంజి పట్టుకోని, కట్టి పో అనాల్సింది. నర్సమ్మకు ఎదురు చెప్తమా అనుకున్న. ఎనిమిదేండ్ల సంది అదే యాదికొస్తది నాకు."

జమ్లి ఏడ్చింది. మూతికి కట్టిన గుడ్డ తడిసిపోయింది. ముత్తక్క ఏడవలేదు. ఓదార్చనూ లేదు. కానీ జమ్లి ఏడుపు ఆగేదాకా నిలబడింది. చివరికి, "ఎండ మండుతాంది, నీళ్ళున్నయా?" అని అడిగింది. లేవని తెలుసుకుని, ఇంటికి పోయి చెంబుతో తెచ్చి దుంగ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. జమ్లి గుడ్డ దించుకుని తాగింది. ఆ ఇంటి నీళ్ళు తాగడం ఎనిమిదేళ్ళలో అదే మొదలు.

దాన్ని క్షమించడం అనాలో లేదో జమ్లికి ఇప్పటికీ తెలియదు. ముత్తక్క ఆ మాట ఎత్తలేదు, జమ్లి అడగలేదు. ఆ తర్వాత మాత్రం అరుగు మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఇప్పపూల కాలంలో పూల సంగతి, వానల్లో విత్తనాల సంగతి మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు జమ్లి, "నీ చెయ్యి ఇటియ్యి అక్కా" అని పట్టీ చుట్టింది. నూట డెబ్బై, వంద. ముత్తక్క ఆ అంకె విని మొదటిసారి నవ్వింది. "నాకే ఉందా ముప్పు?" అంది. మాత్రలు మొదలుపెట్టింది. వేసుకున్న రోజు వేసుకునేది, మానేసిన రోజు మానేసేది.

పోయిన ఏడాది మాఘంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. మూడు రోజులుండి పోయింది. కబురు ఈసారి తండాలో తెలియలేదు. శివే గుట్ట ఎక్కి, సిగ్నలు దొరికే చోట నిలబడి ఫోను చేశాడు. "అమ్మ పోయింది, నర్సమ్మా. నీకు చెప్పాలె అనిపించింది." బుధవారం కాదు, శుక్రవారం. జమ్లి సెలవు పెట్టి, వచ్చిన మొదటి బండి ఎక్కి, పట్టాల వెంట ఎక్కడా ఆగకుండా నడిచి మద్దిగుంపు చేరింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ముత్తక్క ఎడమ చెయ్యి గుడ్డ బయటికి వచ్చి ఉంటే దాన్ని లోపలికి సర్ది, మోసుకుపోయేదాకా పక్కనే కూర్చుంది.

ఇప్పుడు జమ్లికి నలభై ఎనిమిదేళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పులు. కొత్తగా వచ్చిన ఏఎన్ఎంలు స్కూటీల మీద తిరుగుతున్నారు. ఆమెను కూడా నేర్చుకోమని పిల్లలు పోరుతున్నారు. మద్దిగుంపు కాలిబాట మీద స్కూటీ పోదు. బుధవారాల్లో ఆమె అలాగే నడుస్తోంది. మొన్న బూర్గుబోడులో ఒక పిల్లకు బీపీ నూట యాభై ఉంటే, అక్కడే కూర్చుని నూట ఎనిమిదికి ఫోను చేయించి, మనుషులతో వాగు దాటించి, అంబులెన్సు ఎక్కించింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఇంటికొచ్చారు. పిల్ల రెండు కిలోలే ఉంది. పాలు సరిగా తాగడం లేదని తల్లి దిగులు పడుతోంది. ఈ వారం జమ్లి తూకం మిషను కూడా సంచిలో పెట్టుకుంది.